డిమెన్షియా మనిషిని చూసుకునే ఇంటికి ఆసరా: చుట్టాలు, దోస్తులు, ఇరుగుపొరుగు చేయాల్సిన పనులు

"ఏమన్న అవసరముంటే చెప్పు వదినా, మొహమాటపడకు." ఈ మాట అని చెప్పులేసుకుని పోయిన చుట్టాన్ని ఏ వదినా మళ్లీ పిలవదు. అత్తకు రోజుకు నాలుగుసార్లు బట్టలు మార్చే మనిషికి, ఎవరిని ఏ పని అడగాలో ఆలోచించి ఫోన్ చేసి బతిమాలుకునే ఓపిక మిగలదు. పైగా "ఒక్క ముసలామెను చూసుకోవస్తలేదు" అనే పేరొస్తుందన్న భయం. కాబట్టి అడగమని చెప్పకండి. పని, రోజు, టైము మీరే చెప్పండి: "మంగళవారం పొద్దున పదింటికి వస్త. ఒంటిగంట దాకా అత్తమ్మ దగ్గర నేనుంట, నువ్వు బయటికి పో." కింద చెప్పేదంతా ఈ ఒక్క అలవాటును అమలు చేయడం గురించే.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఈ బరువు ఎవరి మీద పడుతుందో తెలిసిందే. కొడుకులు హైదరాబాద్‌లోనో, ముంబై, పుణేల్లోనో పనిలో ఉంటారు. ఇంట్లో మిగిలేది ముసలి భర్తో భార్యో, లేకుంటే ఒక కోడలు. మతి, తెలివి మెల్లగా తగ్గిపోయే ఈ జబ్బును ఊళ్లో చాదస్తమంటారు, గాలి సోకిందంటారు. అసలు సంగతి మెదడు కణాలు దెబ్బతినడం. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉన్నట్టు అంచనా కట్టింది. మీ వాడకట్టులోనే అట్లాంటి ఇల్లు ఉండి ఉంటుంది.

సాయానికి ముందు లెక్క

వచ్చీ రాగానే పనిలో దూరకండి. ఆ ఇంట్లో ఇరవైనాలుగు గంటలు ఎట్లా గడుస్తున్నాయో మూడు రోజుల లెక్క రాయండి. చూసుకునే మనిషిని రాయమనొద్దు, ఆమెకు అంత తీరిక ఉండదు. రాత్రి ఎనిమిదిన్నరకు మీరే ఫోన్ చేసి నోట్‌బుక్కులో రాసుకోండి: ఎప్పుడు, ఏం జరిగింది, ఎవరు చూసుకున్నారు, ఎంతసేపు పట్టింది. రాత్రి లేచిన సార్లు, స్నానానికి పట్టిన సేపు, గేటు దాటిన సార్లు కూడా వదలొద్దు.

మూడో రోజుకు బరువు ఎక్కడుందో తేలిపోతుంది. ఎక్కువ ఇళ్లలో అది రాత్రి నిద్ర దగ్గర, స్నానం దగ్గర ఉంటుంది. చుట్టాలు తెచ్చేది మాత్రం యాపిల్ పండ్లు, బ్రెడ్డు ప్యాకెట్టు.

తర్వాత ఆమెను విడిగా కూర్చోబెట్టి మూడు సంగతులు అడగండి. మధ్యలో లేవకుండా అయిదు గంటలు పడుకుని ఎన్ని రోజులైంది? నీ సొంత పని మీద బయటికి పోయి ఎన్ని రోజులైంది? తెల్లారితే ఏ పని యాదికొచ్చి గుండె దడదడమంటది? మూడోదానికి వచ్చిన జవాబే మీరు ముందు పట్టుకోవాల్సిన పని. ఇదంతా జబ్బు మనిషి చెవిన పడని చోట మాట్లాడాలి. మాటలు అర్థం కాకున్నా తన గురించి విసుక్కుంటున్నారని గొంతును బట్టి తెలిసిపోతుంది. మాట మర్చిపోయినా బాధ మిగులుతుంది, సాయంత్రానికి అది అలజడిగా బయటపడుతుంది.

పరామర్శకు పోయినప్పుడు

చాలా కుటుంబాల్లో మనసులు విరిగేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా.

డిమెన్షియా ఉన్న మనిషి, కొత్తవాళ్లు వస్తే ఉన్న తెలివంతా కూడగట్టుకుని అరగంటో గంటో బాగానే మాట్లాడగలదు. పాత సంగతులు చెబుతుంది, నవ్వుతుంది, "తిన్నవా బిడ్డా" అని అడుగుతుంది. వచ్చినవాళ్లు కోడలి దిక్కు తిరిగి "మాతోని మంచిగనే మాట్లాడె గదా, నువ్వే జర ఎక్కువ జేస్తున్నవేమో" అనేస్తారు. మీరు పోయిన తర్వాత ఆ అలసటంతా తీరేది కోడలి మీదనే. గంట చూసి తీర్పు చెప్పొద్దు. చెప్పాలనే ఉంటే ఒక రాత్రి అక్కడ పడుకుని, తెల్లారి చెప్పండి.

ఇంకొకటి నిందలు. "నా గుండ్ల దండ కోడలే తీసింది", "రెండు రోజుల సంది అన్నం పెడ్తలేదు". పెట్టిన చోటు యాదికి ఉండదు, తిన్న సంగతి నిలవదు. ఆ ఖాళీని మెదడు ఒక కథతో పూడ్చుకుంటుంది. ఆమె అబద్ధమాడటం లేదు, ఆమెకు అది నిజమే. పంచాయితీ పెట్టకుండా "అయ్యో, కనబడ్తలేదా అవ్వా, దా వెతుకుదం" అని లేవండి. బియ్యం డబ్బా, దిండు గలేబు, పరుపు కింద, దేవుడి పటాల వెనక చూడండి. దొరికితే "దొరికింది" అనండి చాలు. "చూసినవా, నువ్వే దాచుకున్నవ్" అనొద్దు. అసలు బంగారాన్ని అన్నదమ్ములు, ఆడబిడ్డలు అందరి ముందు ఫోటో తీసి బ్యాంకు లాకర్లో పెట్టించి, మెడలోకి గిల్టు గొలుసు ఇవ్వండి. ఇది ఆడబిడ్డ ముందు పడి చేయిస్తే కోడలి నెత్తి మీది నింద సగం దిగుతుంది. అట్లని ప్రతి మాటనూ కొట్టిపారేయొద్దు. ఒంటి మీద కమిలిన గుర్తులు, నెలనెలా తగ్గే బరువు కనబడితే అది వేరే సంగతి, దాని గురించి కింద ఉంది.

మాట్లాడే తీరు: "నేనెవర్నో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టొద్దు. "అవ్వా, నేను నీ చిన్నబిడ్డను, నకిరేకల్ నుంచి వచ్చిన" అని మీరే చెప్పండి. చనిపోయిన భర్త కోసం అడిగితే ప్రతిసారీ చావు కబురు చెప్పొద్దు, ఆమెకు అది ప్రతిసారీ కొత్త చావే. "బాపు యాదికొచ్చిండా? ఆయనకు ఏం కూరంటే ఇష్టం?" అని మాట ఆయన మీదికి మళ్లించండి. ఇద్దరి కంటే ఎక్కువ మంది ఒకేసారి పోవద్దు. పొద్దున పది, పన్నెండు మధ్య పోండి, టీవీ ఆపించండి.

కుటుంబంలో ఒకరు "వార్తల పని" తీసుకోవాలి. ఆదివారం ఒక్కసారి వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కలు పెడితే, చూసుకునే మనిషి పదిమందికి పదిసార్లు అదే కథ చెప్పే బాధ తప్పుతుంది. మంచం పట్టిన మనిషి ఫోటోలు మాత్రం పెట్టకండి.

ఆస్పత్రి పని మీరు తీసుకోండి

మతిమరుపంతా డిమెన్షియా కాదు. బి12 లోపం, థైరాయిడ్, రక్తంలో సోడియం తగ్గడం, దిగులు జబ్బు, పడ్డ కొన్ని వారాలకు తల లోపల నెత్తురు గడ్డకట్టడం కూడా అట్లాగే కనిపిస్తాయి. వీటికి వైద్యం ఉంది. అందుకే మొదటిసారి డాక్టర్లు రక్త పరీక్ష, షుగర్, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12, తలకు సీటీ లేదా ఎమ్మారై చూస్తారు. ఇవేవీ చేయకుండా "వయసు, అంతే" అని పంపిస్తే ఇంకో చోట చూపించండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రులు, బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర్లో ఉన్నాయి. అక్కణ్నుంచి పంపితే హైదరాబాద్‌లో నిమ్స్ న్యూరాలజీ, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ.

ముందు రోజే ఒక కాయితం తయారు చేయండి: మొదట ఏ మార్పు కనబడింది, ఎన్ని నెలలైంది, మెల్లగా వచ్చిందా ఒక్కసారిగా వచ్చిందా, ఎప్పుడైనా పడ్డదా, ఇప్పుడు మింగుతున్న మందులన్నీ (ఆర్ఎంపీ ఇచ్చినవి, పసరు మందులు సహా). అట్టలే సంచిలో వేసుకుపోండి. ఇంటి దగ్గరి ప్రవర్తనను ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి, ఎందుకంటే డాక్టరు ముందు కూడా ఆమె బాగానే మాట్లాడుతుంది. ఓపీలో లైను, చీటీ, పరీక్షల తిరుగుడు మీది. రోగి పక్కన కూర్చునే పని ఒక్కటే ఇంటిమనిషిది.

ఈ జిల్లాల్లో తప్పకుండా చెప్పాల్సింది కల్లు సంగతి. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. ఏళ్ల తరబడి తాగిన పెద్దమనిషిని మతి తప్పిందని ఇంట్లో కట్టడి చేస్తే కల్లు ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో వణుకు, నిద్ర లేకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్ రావచ్చు. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుంటారు. కల్లు అలవాటు డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పిన తీరుగా తగ్గించాలి. ఇంటిమనిషి సిగ్గుపడి దాచేది ఇదే కాబట్టి మీరు చెప్పండి.

మందుల్లో డోనెపెజిల్, మెమాంటిన్ కొందరికి కొంతకాలం లక్షణాలను తగ్గిస్తాయి. జబ్బును ఆపవు. డోనెపెజిల్‌తో వికారం, విరేచనాలు, నాడి మెల్లగా కొట్టుకోవడం ఉండొచ్చు. మందు మొదలయ్యాక తల తిరిగి పడిపోతే వెంటనే డాక్టరుకు చెప్పాలి. అవిల్ లాంటి పాత రకం దురద మందులు, నిద్ర గోలీలు అయోమయాన్ని పెంచుతాయి, కింద పడేలా చేస్తాయి. అరుపులు తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ లాంటివి ఈ జబ్బున్న ముసలివాళ్లలో పక్షవాతం ముప్పును, ప్రాణాపాయాన్ని పెంచుతాయి. తప్పనిసరైతే తక్కువ మోతాదులో, కొద్దికాలమే, మళ్లీ మళ్లీ చూపించుకుంటూ వాడాలి. "నలభై రోజుల్లో నయం" అనే ప్రకటనల మీద పైసలు పోకుండా చూడటం కూడా సాయమే. ప్రతి ఆదివారం వారానికి సరిపడా మందులను గడుల డబ్బాలో సర్దే పని ఒక దోస్తుకు అప్పజెప్పండి.

గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో ఒక్కసారిగా మనిషి మారిపోతే (మగత, లేనివి కనబడటం, గుర్తుపట్టకపోవడం) అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, నిమ్ము, మలబద్ధకం, ఎండదెబ్బ, కొత్త మందు, వీటిలో ఏదో ఒకటై ఉండొచ్చు. ఆ రోజే చూపించాలి. మగతగా ఉంటే 108.

మూడు గంటలు మీరు కూర్చోవడం

అన్నిటికంటే విలువైన సాయం ఇది. మొదటి రోజే తాళం చేతికిచ్చి పొమ్మంటే మాత్రం చెడుతుంది. వరుస ఇట్లా ఉండాలి.

1. మొదటి రెండుసార్లు ఇంటిమనిషి ఉండగానే కూర్చుని చూడండి. రోగి ఏ గ్లాసులో తాగుతుంది, ఏ పిలుపుకు పలుకుతుంది, మూత్రం వచ్చే ముందు ఏం చేస్తుంది (కొంగు లాగడం, లేచి కూర్చోవడం), కోపమొస్తే ఏ మాట పనిచేస్తుంది.
2. మూడోసారి ఇంటిమనిషి పక్కింట్లో ముప్పావుగంట ఉండాలి.
3. ఆ తర్వాత వారానికొకసారి, అదే రోజు, అదే టైముకు మూడు గంటలు. ఇంతకు తక్కువైతే బస్సెక్కి బ్యాంకుకు పోయి రావడానికే సరిపోదు.
4. ఇంటిమనిషి పోయేటప్పుడు "ఇప్పుడే వస్త" అని రెండు ముక్కల్లో పోవాలి. పెద్ద వీడ్కోలు పెడితే రోగి వెంటపడుతుంది.
5. గోడకు ఒక కాయితం: మందుల టైము, పడని మందులు, తినకూడనివి, మూడు ఫోన్ నంబర్లు.
6. పడిపోవడం, గొంతులో అడ్డం పడటం, జ్వరం, నెత్తురు, మనిషి కనబడకపోవడం. ఈ అయిదింటికి తప్ప ఫోన్ చేయొద్దు. "చక్కెర యాడుంది" అని మూడుసార్లు ఫోన్ చేస్తే ఆమె ఇంట్లో ఉన్నట్టే లెక్క.

ఊరికే ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ విసుగు. చేతికి తెలిసిన పని ఇవ్వండి: చిక్కుడుకాయల ఈనెలు తీయడం, గోంగూర తెంపడం, వత్తులు చేయడం, బట్టలు మడతపెట్టడం. ఎవుసం చేసిన మగమనిషైతే తాడు పేనడం, కందులు ఏరడం. సంచిలో మిగిలిన పత్తి విత్తనాలు మాత్రం ముందు పెట్టొద్దు, వాటికి మందు పట్టించి ఉంటుంది, చేతులు నోట్లోకి పోతాయి. చింతపండు గింజలు, పల్లీలు నోట్లో వేసుకునే దశలో ఉంటే అవీ వద్దు. పని సరిగ్గా రాకున్నా ఆమె ముందు మళ్లీ చేయకండి. మాటలు పోయినవాళ్లకు కూడా బతుకమ్మ పాట పల్లవి నోటికొస్తుంది, మీరు ఎత్తుకుని చూడండి.

రెండు గంటలకోసారి మూత్రానికి తీసుకుపోండి, "వస్తుందా" అని అడగడం కంటే "దా పోదాం" అనడం మేలు. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉంచి, చిన్న చెంచాతో, ముందు ముద్ద మింగాకే ఇంకోటి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. జొన్నరొట్టెను పాలల్లోనో చారులోనో నానబెట్టి మెత్తగా పెట్టొచ్చు. సర్వపిండి, సకినాలు, పొడి అటుకులు వద్దు. నీళ్లు తాగినప్పుడల్లా దగ్గు వస్తే, తిన్నాక గొంతు గరగరమంటే డాక్టరుకు చెప్పాలి. అది ఊపిరితిత్తుల్లోకి పోతున్న గుర్తు. నల్లగొండ ఎండల్లో దాహం అడగడం మర్చిపోతారు కాబట్టి గంటకు అరగ్లాసు నీళ్లో, మజ్జిగో, పలచని అంబలో అందించండి. గుండె, కిడ్నీ జబ్బుంటే ఎన్ని నీళ్లో డాక్టరే చెప్పాలి.

స్నానం గొడవ

ఇది రోజూ ఉండే యుద్ధమైతే, రోజూ స్నానం అవసరం లేదని మొదట ఒప్పుకోండి. వారానికి రెండు మూడుసార్లు స్నానం, మిగతా రోజుల్లో తడిగుడ్డతో ముఖం, చంకలు, తొడల మధ్య తుడవడం చాలు. స్నానానికి ఒప్పుకోకపోవడానికి మొండితనం కంటే చలి, సిగ్గు, నెత్తి మీద ఒక్కసారిగా పడే నీళ్ల భయమే ఎక్కువ కారణం. గోరువెచ్చని నీళ్లు ముందే తోడి మోచేత్తో చూసి, ప్లాస్టిక్ కుర్చీ వేసి, భుజాల మీద తువ్వాల కప్పి, పాదాల నుంచి మొదలుపెట్టి పైకి రండి. తల చివర. నేల మీద రబ్బరు పట్టా, గోడకు పట్టుకునే కడ్డీ బిగించి ఇవ్వడం ఒక మరిదో, బావమరిదో సగం రోజులో చేయగల పని.

మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయిన పెద్దలు చాలామంది. వాళ్ల మెడ, నడుము, మోకాళ్లు వంగవు. చేతులు పైకి లాగి బట్టలు వేస్తే నొప్పికి కొడతారు, దాన్ని జబ్బు కోపమనుకుంటారు. ముందు గుండీల అంగీ, జాకెట్టుకు ముందు హుక్కులు, ఎక్కువ బిగుసుకున్న చేయి ముందు తొడగడం. డాక్టరు ఒప్పుకుంటే స్నానానికి అరగంట ముందు నొప్పి మందు.

రాత్రి

చూసుకునే మనిషికి నిద్ర కరువైతే మిగతావన్నీ చెడతాయి. వారానికి రెండు రాత్రులు వేరే మనిషి రోగి దగ్గర పడుకోవాలి. చూసుకునే మనిషి ఆ రాత్రి వేరే గదిలో కాదు, వీలైతే వేరే ఇంట్లో పడుకోవాలి. గోడ అవతల దగ్గు వినబడినా ఆమె లేస్తుంది.

రాత్రి లేవడం తగ్గడానికి పగలే పని చేయాలి: పొద్దున అరగంట ఎండలో నడక, పగటి నిద్ర ముప్పావుగంటకు మించకుండా, మూడు తర్వాత చాయ్ బంద్. పొద్దుగూకకముందే లైట్లు వేయండి, మసక వెలుతురులో నీడలు మనుషుల్లా కనబడి అలజడి మొదలవుతుంది. అద్దంలో తన ముఖాన్నే ఎవరో అనుకుంటే అద్దం కప్పేయండి. బీపీకి నీటి గోలీ (మూత్రం ఎక్కువ పోయించేది) రాత్రి వేస్తున్నారేమో చూసి, పొద్దుటికి మార్చొచ్చా అని డాక్టరును అడగండి. మంచం పక్కన కమోడ్ కుర్చీ, జీరో బల్బు పెట్టండి.

తప్పిపోకుండా, తప్పిపోతే

గేటుకు గంట కట్టండి, గడియను తలుపు పైఅంచుకు మార్చండి, చెప్పులు, చేతిసంచి కంటికి కనబడకుండా పెట్టండి. మనిషిని లోపలేసి బయట తాళం వేసి పొలానికి పోవద్దు, నిప్పంటుకుంటే దిక్కుండదు. వెండి కడియం మీద రెండు ఫోన్ నంబర్లు చెక్కించండి. అంగీ కాలరు లోపల, జాకెట్టు లోపల నంబరు రాసిన గుడ్డ పట్టీ కుట్టండి. నెలకోసారి కొత్త ఫోటో తీయండి.

కిరాణం, ఆటో అడ్డా, హోటలు, కల్లు కాంపౌండు, గుడి, బస్టాండు దగ్గర మనిషికి చెప్పి పెట్టే పని మీది. వాళ్లకు మాట కూడా నేర్పండి: వెనక నుంచి చేయి పట్టి లాగొద్దు, ఎదురుగా వచ్చి "అవ్వా, యాడికి వోతున్నవ్? దా, చాయ్ తాగుదం" అనాలి.

"చేతిల రూపాయి లేదు, యాడికి పోతది" అని ధీమాగా ఉండొద్దు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. సంచిలో ఆధార్ ఉంటే దేవరకొండలో ఎక్కిన అవ్వ హైదరాబాద్‌లో దిగొచ్చు.

కనబడకపోతే మొదటి పదిహేను నిమిషాలు ఇంట్లోనే: స్నానాల గది, మిద్దె, కొట్టం, గడ్డివాము వెనక. ఒకరు ఫోనుతో ఇంటి దగ్గరే ఉండాలి. ఇద్దరు ముందు నీళ్ల దిక్కు పోవాలి: గట్టు లేని బాయిలు, చెరువు, హాలియా, మిర్యాలగూడ దిక్కైతే సాగర్ ఎడమ కాల్వ. ఇంకొకరు పాత దారి పట్టాలి. "మా ఇంటికి పోత" అంటే ఎక్కువసార్లు అది అమ్మగారి ఊరు. ఇంకొకరు బస్టాండ్ కంట్రోలర్‌కు ఫోటో చూపాలి. పదిహేను నిమిషాలు దాటితే 100కో 112కో ఫోన్ చేయండి. ఇరవైనాలుగు గంటలు ఆగాలన్న నియమం ఏదీ లేదు. దొరికాక తిట్టొద్దు. నీళ్లిచ్చి, పాదాలు, తల చూసి, దెబ్బలుంటే ఆస్పత్రికి.

చెర్వుగట్టు, కురుమూర్తి జాతర్లకు రోగిని తీసుకుపోవద్దు. చూసుకునే మనిషిని తీసుకుపోండి, ఇంట్లో ఇంకొకరు ఉండి. ఆమె మొక్కులు ఎన్నేళ్ల నుంచి ఆగిపోయి ఉన్నాయో.

దూరంగా ఉన్న కొడుకులు, బిడ్డలు

మన దగ్గర "నెలకొక కొడుకు ఇంట్ల వంతు" అనే పద్ధతి ఉంది. మామూలు ముసలితనానికి నడుస్తుందేమో గానీ డిమెన్షియాకు ఇది విషం. ఇల్లు మారినప్పుడల్లా స్నానాల గది ఎక్కడుందో, తలుపు ఎటుందో కొత్తగా నేర్చుకునే శక్తి ఆ మెదడుకు లేదు. బట్టల్లో పోసుకోవడం, రాత్రి తిరగడం పెరుగుతాయి. మనిషిని తిప్పకండి, ఆ ఇంటికి మీరు వంతుల ప్రకారం రండి. రెండు నెలలకోసారి వారం రోజులు కొడుకు వచ్చి ఉంటే, ఆ వారం వదిన తన అమ్మగారింటికి పోవాలి.

ఆదివారం ఇరవై నిమిషాల ఫోన్ మీటింగు. పైసల లెక్క అక్కడే: మందులు, డైపర్లు, ఆటో, పరీక్షలు, మనిషిని పెట్టుకుంటే జీతం. దానికి తోడు, పత్తి ఏరుడుకో మిషను కుట్టుకో పోవడం మానేసిన కోడలు పోగొట్టుకున్న కూలి. "సేవకు లెక్కేంది" అంటారు. లెక్క లేని ఇంట్లోనే అన్నదమ్ములు పదేళ్లు మాట్లాడుకోరు. ఆ పైసలు ఆమె ఖాతాలోనే వేయండి. ఒకరి వాటా సేవ అయితే, మిగతావాళ్ల వాటా పైసలు.

కాయితాల పని జబ్బు మొదట్లోనే తెమలాలి. పెద్దమనిషికి ఇంకా తెలివి ఉన్నప్పుడే బ్యాంకు ఖాతాను జాయింటుగా మార్చి నామినీ రాయించండి, వీలునామా ఉంటే అప్పుడే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉందిలే అని ఊరుకోవద్దు. ఇచ్చిన మనిషికి మతి స్థిమితం పోయాక మన కాంట్రాక్టు చట్టం కింద అది చెల్లదు. అప్పుడు కోర్టు ద్వారా సంరక్షకుణ్ని పెట్టించుకోవాలి. మతి లేని మనిషి వేలిముద్రతో భూమి పట్టా మార్పించడం చెల్లదు, కేసవుతుంది. "చూసుకుంటాం" అనే షరతుతో భూమి రాయించుకుని చూసుకోకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో ట్రిబ్యునల్ ఆ దానాన్ని రద్దు చేయగలదు. సలహాకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, ఫోన్ 15100. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితం. పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ గడువు గుర్తుపెట్టుకునే పని దూరంగా ఉన్న బిడ్డ ఫోన్లోనే చేయొచ్చు.

చూసుకునే మనిషి ఒళ్లు, మనసు

ఆమె బీపీ, షుగరు చివరిసారి ఎప్పుడు చూపించుకుందో అడగండి. పల్లె దవాఖానాకు మీరే తోలుకపోండి. ఎత్తేటప్పుడు నడుము పోకుండా ఇద్దరూ నేర్చుకోవాలి: మోకాళ్లు వంచి, దగ్గరగా నిలబడి, చంకల కింద పట్టి లాగకుండా, నడుముకు కట్టిన గుడ్డ పట్టీ పట్టుకుని లేపాలి.

కోపమొచ్చి చేయి లేచే రోజు వస్తుంది. ఆ సంగతి ఆమె చెప్పుకుంటే అసహ్యించుకోకండి. మనిషిని కుర్చీలో భద్రంగా కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు గడప దాటి నిలబడి, మీకు ఫోన్ చేయమని ముందే ఒప్పందం పెట్టుకోండి. చేయి చేసుకోవడం అలవాటైతే, కమిలిన గుర్తులు కనబడితే, ఇక ఆమె ఒక్కతే చూసుకోలేని దశ వచ్చిందన్న మాట. ఆ వారమే మనిషిని పెట్టాలి లేదా చోటు మార్చాలి. పెద్దల సాయానికి ఎల్డర్‌లైన్ 14567, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా.

"ఇద్దరం పోతే పీడ పోతది" అనే మాట వింటే నవ్వి వదిలేయొద్దు. చచ్చిపోవాలనిపిస్తున్నదా అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు, బయటికి వస్తుంది. ఆ రోజు ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో ఉన్న పురుగుల మందు డబ్బాలన్నీ తీసుకుపోయి వేరే చోట తాళం వేయండి (రోగి చేతికి కూడా చిక్కకూడనివి అవి). మనసు బాధలకు ప్రభుత్వ ఫోన్ సాయం టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. డిమెన్షియా ఇళ్లకు అండగా ఉండే అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో శాఖ ఉంది. ఇదే బాధ పడుతున్న ఇంకో ఇంటి మనిషితో మాట కలపడం చాలాసార్లు డాక్టరు మాట కంటే పనిచేస్తుంది.

మంచం పట్టాక, ఆ తర్వాత

ఈ దశలో ఒక్క మనిషితో కాదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. దుప్పటి మడిచి కింద వేసి ఇద్దరు చెరో దిక్కు పట్టి జరపాలి, లాగితే చర్మం చిట్లి పుండ్లు పడతాయి. తుంటి, మడమలు, నడుము కింద ఎర్రగా మారి, నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చుట్టాలు పగలు వంతులు రాసుకునేది ఇందుకు. మింగలేని దశలో ముక్కు గొట్టం పెట్టాలా వద్దా అనే మాట ఆస్పత్రి వరండాలో గాభరాగా తేల్చకండి. గొట్టం పెట్టినంత మాత్రాన ఈ దశలో ఆయుష్షు పెరుగుతుందన్న రుజువు లేదని డాక్టర్లు చెబుతారు. అన్నదమ్ములు ముందే కూర్చుని మాట్లాడుకోండి, తర్వాత నింద కోడలి మీద పడకుండా.

పెద్ద కర్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక పనులు మిగులుతాయి. మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. పింఛను ఆపించాలి, కుటుంబ పింఛను వచ్చేదుంటే దరఖాస్తు పెట్టాలి. కమోడ్ కుర్చీ, గాలి పరుపు ఇంకో ఇంటికి చేర్చాలి. వీటిని కోడలికి వదలకుండా ఒక బావో, మరిదో తీసుకోవాలి. మీ మంగళవారం మూడు గంటలు మాత్రం ఇంకో రెండు నెలలు అట్లాగే ఉంచండి. ఈసారి పోవాల్సింది ఆమె వాయిదా వేసుకున్న కంటి ఆపరేషనుకో, మోకాళ్ల డాక్టరు దగ్గరికో.